అప్‌డేట్ తర్వాత ఫోన్ కాలుతోందా, ఉన్నట్టుండి ఆరిపోతోందా? ఏది ముందు చూడాలి, ఏది ముట్టుకోకూడదు

రాత్రి అప్‌డేట్ పెట్టి పడుకుంటారు. తెల్లారి చూస్తే ఫోను ఇస్త్రీపెట్టెలా ఉంటుంది. లేకపోతే 30 శాతం చార్జి చూపిస్తూనే టప్పున ఆరిపోతుంది. సెల్ షాపుకు వెళ్తే ఒకాయన బ్యాటరీ మార్చమంటాడు, ఇంకొకాయన సాఫ్ట్‌వేర్ కొట్టాలంటాడు, మూడో ఆయన బోర్డు పోయిందంటాడు. ముగ్గురిలో ఎవరి మాట నమ్మాలో తేలాలంటే షాపు గుమ్మం ఎక్కకముందే ఇంట్లో చేసుకోవాల్సిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఒక్క స్క్రూ కూడా విప్పక్కర్లేదు. రెండు మూడు రోజుల ఓపిక కావాలి, అంతే.

కాలడం, ఆరిపోవడం ఒకటే జబ్బు కాదు. కాలడమంటే లోపల ఏదో ఆగకుండా పనిచేస్తోందని. ఆరిపోవడమంటే ఎక్కువసార్లు బ్యాటరీ ఆ పనికి సరిపడా కరెంటు ఇవ్వలేకపోతోందని. రెండూ కలిసి వచ్చినా విడదీసే చూడాలి.

మొదటి 48 గంటలు: ఏమీ పీకొద్దు

అప్‌డేట్ అయ్యాక స్క్రీను మామూలుగా కనిపించినా లోపల పని అయిపోయినట్టు కాదు. ఆండ్రాయిడ్ మీ యాప్‌లన్నిటినీ కొత్త సిస్టమ్‌కు తగ్గట్టు మళ్లీ తయారుచేసుకుంటుంది. గ్యాలరీలో ఉన్న వేల ఫొటోలను మళ్లీ లెక్కపెడుతుంది. ప్లే స్టోర్ ముప్ఫై నలభై యాప్‌లను ఒకేసారి అప్‌డేట్‌కు పెడుతుంది. ఐఫోన్ కూడా వెతుకులాటకు కావాల్సిన పట్టికను, ఫొటోల్లో మొహాల లెక్కను మొదటి నుంచి కట్టుకుంటుంది. ఫోను నిండా పెళ్లి వీడియోలు, వాట్సాప్ గ్రూపుల ఫార్వర్డులు ఉంటే ఈ పని ఒకటి రెండు రోజులు సాగుతుంది. ఆ రెండు రోజులూ ఫోను గోరువెచ్చగా ఉండటం, చార్జి త్వరగా దిగడం రోగం కాదు.

ఈ గడువులో చేయాల్సింది ఇది. రాత్రి వై-ఫై గానీ మంచి సిగ్నల్ గానీ ఉన్నచోట, పౌచ్ తీసేసి, ఫ్యాను కింద, చార్జింగ్‌లో పెట్టి వదిలేయండి. ప్లే స్టోర్ తెరిచి పెండింగ్ యాప్‌లన్నీ అప్‌డేట్ అయ్యేదాకా చూడండి. పాత యాప్ కొత్త సిస్టమ్‌తో పొసగక వెనకాల గిరగిరా తిరుగుతూ ఉండటం వేడికి పెద్ద కారణం. తర్వాత ఒకసారి రీస్టార్ట్ చేయండి. స్క్రీను ఆర్పి వెలిగించడం రీస్టార్ట్ కాదు. పవర్ మెనూలోకి వెళ్లి చేయాలి.

ఫోను బిగుసుకుపోయి మెనూ కూడా రాకపోతే, సామ్‌సంగ్ లాంటి ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్, వాల్యూమ్ తగ్గించే బటన్ రెండూ కలిపి పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. ఐఫోన్ 8, ఆ తర్వాతి మోడళ్లలో వాల్యూమ్ పెంచే బటన్ నొక్కి వదిలి, తగ్గించేది నొక్కి వదిలి, పక్క బటన్‌ను ఆపిల్ గుర్తు వచ్చేదాకా పట్టుకోవాలి. దీనితో డేటా పోదు.

రెండో రోజు దాటాక కూడా ఊరికే బల్ల మీద ఉన్న ఫోను వేడెక్కుతుంటే అప్పుడు కింది పనులు మొదలుపెట్టండి. ఒక్క మినహాయింపు: స్క్రీను అంచు పైకి లేచినా, వెనక మూత ఉబ్బినా 48 గంటలు కాదు కదా, 48 నిమిషాలు కూడా ఆగొద్దు. నేరుగా ఉబ్బిన బ్యాటరీ గురించి రాసిన చోటికి వెళ్లండి.

మన ఎండను లెక్కలోంచి తీసేయండి

మే నెలలో మన తూర్పు మహారాష్ట్రలో, చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా వైపు పగటి వేడి 45 డిగ్రీలు దాటుతుంది. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడాలని ఆపిల్ చెబుతుంది. ఆండ్రాయిడ్ కంపెనీల మాట కూడా ఇంచుమించు అదే. ఆ లెక్కన ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన దగ్గర ఫోను పగలంతా హద్దు దాటిన ఎండలోనే పనిచేస్తోంది. మార్చిలో చల్లగా ఉన్న ఫోను మేలో అప్‌డేట్ అయ్యాక వేడెక్కితే, అందులో అప్‌డేట్ పాలెంత, ఎండ పాలెంత అన్నది తేల్చుకోవాలి.

తేల్చే దారి సులువు. తెల్లవారుజామున 5 గంటలకు, ఎండ రాకముందు, చార్జింగ్ తీసేసి, పావుగంట ఒకే వీడియో చూడండి. మధ్యాహ్నం 2 గంటలకు అదే వీడియో అంతే సేపు నీడలో చూడండి. రెండుసార్లూ బ్యాటరీ ఉష్ణోగ్రత రాసుకోండి. చాలా సామ్‌సంగ్ ఫోన్లలో డయలర్‌లో *#0228# కొడితే బ్యాటరీ వివరాలు వస్తాయి. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్లే స్టోర్ నుంచి అక్యుబ్యాటరీ అనే యాప్ వేసుకోవచ్చు. ఐఫోన్ అంకె చూపించదు, చేతి అంచనాయే.

బ్యాటరీ 30 నుంచి 38 డిగ్రీల మధ్య ఉంటే మామూలు. ఎండాకాలం మధ్యాహ్నం 40, 42 దాకా పోయినా గాభరా అక్కర్లేదు. 45 దగ్గరికి వచ్చేసరికి చాలా ఫోన్లు చార్జింగ్‌ను నెమ్మది చేస్తాయి, లేదా ఆపేస్తాయి. ఇంకా పెరిగితే స్క్రీను వెలుతురు తగ్గుతుంది, కెమెరా ఫ్లాష్ పనిచేయదు, ఆఖరికి ఫోను తనను తాను ఆర్పుకుంటుంది. ఇలా ఆరడం ఫోను తనను కాపాడుకోవడమే. తెల్లవారుజాము పరీక్షలో చల్లగా, మధ్యాహ్నం పరీక్షలో మాత్రమే వేడిగా ఉంటే మీ ఫోనుకు జబ్బు లేదు.

బైకు హ్యాండిల్ మీద ఫోను బిగించి, మ్యాప్ పెట్టి, పక్కన యూఎస్‌బీ పిన్ను గుచ్చి ఆలాపల్లి నుంచి సిరొంచకు మధ్యాహ్నం బయల్దేరడం కంటే ఫోనుకు పెద్ద శిక్ష లేదు. ఎండ, వెలిగే స్క్రీను, జీపీఎస్, చార్జింగ్ నాలుగూ ఒకేసారి. దారి చూపించే గొంతు బ్లూటూత్‌లో వినిపిస్తుంది, ఫోనును సంచిలో వేసుకోండి. బ్లూటూత్ లేకపోతే మలుపుల దగ్గర మాత్రం తీసి చూసుకోండి.

చేయి పెట్టి చూడండి: ఎక్కడ కాలుతోంది?

పౌచ్ తీసి, ఫోను వీపు మీద అరచేయి కాకుండా చేతి వెనక భాగం ఆనించండి. వేడి అక్కడ బాగా తెలుస్తుంది. కెమెరా పక్కన కాలుతుంటే ప్రాసెసర్ పని ఎక్కువైంది, అంటే యాప్ గానీ నెట్‌వర్క్ గానీ కారణం. వీపు మధ్యలో వెడల్పుగా వేడి ఉంటే బ్యాటరీ. కింద పిన్ను గుచ్చే చోట మాత్రమే చురుక్కుమంటే చార్జింగ్ జాక్‌లో తడి, దుమ్ము, తుప్పు, లేదా వదులైన కేబులు. అప్‌డేట్‌కూ దానికీ సంబంధం లేదు. కేబులు మార్చి చూడండి, టార్చ్ వేసి జాక్‌లోకి చూడండి. దూది పోగులు కనిపిస్తే ఫోను ఆర్పి చెక్క పుల్లతో మెల్లగా తీయండి. పిన్నీసు వద్దు.

ఎవరు తింటున్నారో పట్టుకోవడం

సెట్టింగ్స్‌లో బ్యాటరీ, అందులో బ్యాటరీ యూసేజ్ తెరవండి. పేర్లు కంపెనీని బట్టి కొంచెం మారతాయి. గత 24 గంటల జాబితాలో మీరు గంట కూడా వాడని యాప్ పైన కూర్చుని ఉంటే దొంగ దొరికినట్టే. దాన్ని నొక్కి, ఫోర్స్ స్టాప్ చేసి, స్టోరేజ్‌లోకి వెళ్లి క్లియర్ క్యాష్ (యాప్ దాచుకున్న తాత్కాలిక ఫైళ్లను తుడిచేది) నొక్కండి. క్లియర్ డేటా నొక్కొద్దు. అది నొక్కితే లాగిన్లు, కొన్ని యాప్‌లలో ఫైళ్లు కూడా పోతాయి. అప్పటికీ తగ్గకపోతే యాప్ తీసేసి మళ్లీ వేసుకోండి.

జాబితా చూసినా ఏమీ తేలకపోతే ఆండ్రాయిడ్‌లో సేఫ్ మోడ్. పవర్ మెనూ తెచ్చుకుని, పవర్ ఆఫ్ అనే గుర్తును వేలితో నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో సేఫ్ మోడ్ అడుగుతుంది. కొన్నింట్లో ఫోను వెలిగేటప్పుడు వాల్యూమ్ తగ్గించే బటన్ పట్టుకోవాలి. సేఫ్ మోడ్‌లో ఫోనుతో వచ్చిన యాప్‌లు మాత్రమే నడుస్తాయి, మీరు వేసుకున్నవి నడవవు. ఒక పూట అలా వాడండి. ఫోను చల్లబడితే మీరు వేసుకున్న యాప్‌లలోనే ఒకటి కారణం. అప్‌డేట్‌కు ముందు వారంలో వేసినవాటి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే తీస్తూ రండి. అన్నీ ఒకేసారి తీసేస్తే ఏదో ఎప్పటికీ తెలియదు. బయటకు రావడానికి మామూలు రీస్టార్ట్ చాలు.

ముందుగా అనుమానించాల్సినవి రెండు రకాలు. ఒకటి, ఫోను చల్లబరుస్తాం, ర్యామ్ శుభ్రం చేస్తాం అని చెప్పే క్లీనర్ యాప్‌లు. వెనకాల ఉన్న యాప్‌లను అవి పదే పదే చంపుతుంటాయి, సిస్టమ్ మళ్లీ లేపుతుంటుంది. ఆ కొట్లాటే వేడి. రెండోది, వాట్సాప్‌లో పెళ్లిపత్రిక అనో, పీఎం కిసాన్ అనో, బండి చలానా అనో వచ్చే ఏపీకే ఫైళ్లు, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఎక్కే యాప్‌లు. అవి వేసుకుంటే ఫోను కాలడం చిన్న సంగతి. మీ ఎస్సెమ్మెస్‌లు, ఓటీపీలు అవతలివాడికి పోతుంటాయి. అలాంటిది ఒకటి వేసినట్టు గుర్తొస్తే ముందు డేటా, వై-ఫై ఆపండి, వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పండి, ఆ తర్వాతే వేడి సంగతి. ‘మీ ఫోన్ అప్‌డేట్ చేయాలి’ అని బ్రౌజర్లో ఎగిరే బొమ్మ కూడా ఆ కోవలోదే. అసలు అప్‌డేట్ సెట్టింగ్స్‌లోంచి మాత్రమే వస్తుంది.

స్టోరేజ్ కూడా చూసుకోండి. 64 జీబీ ఫోనులో 62 నిండి ఉంటే సిస్టమ్‌కు కాలు పెట్టే చోటు ఉండదు. కనీసం పదో వంతు ఖాళీ ఉంచండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో మేనేజ్ స్టోరేజ్ తెరిస్తే, ఎవరి గ్రూపు ఎన్ని జీబీలు మింగిందో వరసగా కనిపిస్తుంది.

సరిహద్దు సిగ్నల్ తెచ్చే వేడి

ఊళ్లో ఉన్న ఫోన్లకు పట్టణం ఫోన్లకు రాని బెడద ఇది. టవర్ దూరమయ్యే కొద్దీ ఫోను గొంతు పెంచి అరవాలి, అంటే ఎక్కువ పవర్‌తో సిగ్నల్ పంపాలి. సిరొంచ ఒడ్డున ప్రాణహితకు ఇటు మహారాష్ట్ర సర్కిల్ (ఫోన్ కంపెనీలకు కేటాయించిన ప్రాంతం) టవర్లు, అటు తెలంగాణలోని చెన్నూరు వైపు మరో సర్కిల్ టవర్లు. మంచిర్యాలలోనో చెన్నూరులోనో తీసుకున్న సిమ్ ఇక్కడికి వచ్చాక రెండింటి మధ్య ఊగుతూ ఉంటుంది. ఆ వెతుకులాట రాత్రింబవళ్లు సాగుతుంది. అప్‌డేట్ వచ్చినప్పుడు నెట్‌వర్క్ ఎంపిక 5జీ ఆటోకు మారిపోతే, ఊళ్లో 5జీ అంతంతమాత్రం కాబట్టి వెతుకులాట ఇంకా పెరుగుతుంది.

పరీక్ష ఇలా. స్క్రీను ఆర్పి, ఏరోప్లేన్ మోడ్ పెట్టి, ఫోనును బల్ల మీద అరగంట వదిలేయండి. మళ్లీ ఏరోప్లేన్ మోడ్ తీసేసి, ముట్టుకోకుండా ఇంకో అరగంట. మొదటి అరగంటలో చల్లబడి రెండో అరగంటలో వేడెక్కితే కారణం సిగ్నలే. రెండింట్లోనూ వేడిగా ఉంటే సిగ్నల్ కాదు, యాప్ గానీ బోర్డు గానీ.

సిగ్నల్ అని తేలితే, సిమ్ సెట్టింగ్స్‌లో ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్‌ను 4జీ లేదా ఎల్‌టీఈకి మార్చండి. ఇంటి దగ్గర ఎక్కువసేపు ఉండేవాళ్లు నెట్‌వర్క్ ఆపరేటర్ దగ్గర ఆటోమేటిక్ తీసేసి, గట్టిగా అందే నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకోవచ్చు. జాబితాలో ఒకే కంపెనీ పేరు రెండుసార్లు కనిపించవచ్చు, ఒకటి ఇటుది, ఒకటి అటుది. ఒక్కోటీ పెట్టి గీతలు చూడండి. ఇందులో ఒక చిక్కుంది. మిరపకాయల ఏరుడుకు వాగు దాటి వెళ్లినా, పని మీద నాగ్‌పూర్ వెళ్లినా మళ్లీ ఆటోమేటిక్ పెట్టుకోవాలి, మరిచిపోతే నెట్‌వర్క్ రాకపోవచ్చు. వాడని రెండో సిమ్ ఉంటే దాన్ని సెట్టింగ్స్‌లో ఆఫ్ చేయండి. సగం వేడి అక్కడే తగ్గిన ఫోన్లు కొల్లలు.

30 శాతం దగ్గర ఆరిపోయే ఫోన్

పొలం దగ్గర మోటరు వేయగానే ఇంట్లో బల్బు ఒక్క క్షణం గుడ్డిగా అవుతుంది కదా, అదే సంగతి. పాత బ్యాటరీకి లోపల నిరోధం పెరుగుతుంది. మామూలు పనికి బాగానే ఇస్తుంది. కెమెరా తెరిచినా, వీడియో కాల్ చేసినా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగేసరికి వోల్టేజ్ దభాలున పడిపోతుంది. ఫోను అది చూసి బ్యాటరీ అయిపోయిందనుకుని ఆరిపోతుంది. శాతం మాత్రం 30 అనే చూపిస్తుంది. అప్‌డేట్ వచ్చి మొదటి రెండు రోజులు ప్రాసెసర్ మీద బరువు పెంచుతుంది కాబట్టి, అప్పటిదాకా దాక్కున్న ఈ లోపం అప్పుడు బయటపడుతుంది.

పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు. పాత బ్యాటరీలున్న ఐఫోన్ 6, 6ఎస్‌లు ఇలా ఆరిపోతుంటే 2017 జనవరిలో వచ్చిన ఐఓఎస్ 10.2.1 వాటి వేగాన్ని తగ్గించి ఆ ఆరిపోవడాన్ని ఆపింది. ఆ సంగతి జనానికి సరిగా చెప్పనందుకు ఆ ఏడాది డిసెంబరులో ఆపిల్ క్షమాపణ చెప్పింది. 2018లో వచ్చిన ఐఓఎస్ 11.3 నుంచి సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ చూసుకునే వీలు వచ్చింది. అది 80 శాతం కంటే తక్కువ చూపిస్తే బ్యాటరీ మార్చే వేళైంది.

అప్‌డేట్ వల్లే నిజంగా వేడి వచ్చిన సందర్భమూ ఉంది. 2023లో ఐఫోన్ 15 ప్రో కాలుతోందని గోల లేచినప్పుడు, ఐఓఎస్ 17లో ఒక లోపం ఉందని, కొన్ని యాప్‌లు కూడా కారణమని, కొత్త ఫోను మొదటి రోజుల్లో వెనక పని ఎక్కువని ఆపిల్ మూడూ ఒప్పుకుంది. అక్టోబరులో 17.0.3తో సరిచేసింది. అందుకే మీ ఫోనుకు పెద్ద అప్‌డేట్ తర్వాత రెండు మూడు వారాల్లో ఒక చిన్న అప్‌డేట్ వస్తే దాన్ని వదలొద్దు, ముందు వచ్చినదాని తప్పులు దిద్దేది అదే. గూగుల్ మాత్రం పిక్సెల్ 4ఏకు 2025 జనవరిలో, 6ఏకు అదే ఏడాది జులైలో కావాలనే బ్యాటరీ సామర్థ్యం తగ్గించే అప్‌డేట్లు పంపింది. ఆ మోడళ్లు వాడుతూ చార్జి ఆగడం లేదనుకునేవాళ్లు సెట్టింగులు తవ్వడం దండగ.

మీ ఫోను ఎందుకు ఆరిందో తెలియాలంటే మూడుసార్లు ఆరేదాకా ఒక కాగితం మీద రాయండి: ఆరినప్పుడు శాతం ఎంత, ఏం చేస్తున్నారు, చేతికి వేడిగా ఉందా, మళ్లీ వెలిగాక శాతం ఎంత. ఆరినప్పుడు 30 ఉండి, చార్జర్ పెడితే తప్ప వెలగకపోతే, లేదా వెలిగాక ఒకటి రెండు శాతమే చూపిస్తే బ్యాటరీ. చార్జర్ లేకుండానే వెలిగి అదే 30 చూపిస్తే బ్యాటరీ మీద అనుమానం తగ్గుతుంది. అప్పుడు ముందు పౌచ్ తీసి చూడండి. బిగుతు పౌచ్ పవర్ బటన్‌ను అదుముతుంటే ఫోను దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. నవ్వొచ్చే కారణమే గానీ దీనికి బోర్డు రిపేరు చేయించినవాళ్లున్నారు. ఆరేముందు చేయి పెట్టలేనంత వేడి ఉంటే కారణం వేడే, పైన రాసినవి మళ్లీ చూడండి.

శాతం లెక్క మాత్రమే తప్పిందనిపిస్తే ఒకసారి దానంతటది ఆరేదాకా వాడి, ఆర్పి ఉంచే, మధ్యలో తీయకుండా 100 దాకా ఎక్కించండి. లెక్క సరిపడుతుంది. ఒక్కసారి చాలు. ప్రతివారం చేస్తే ఉన్న బ్యాటరీ కూడా పాడవుతుంది.

కాలుతున్న ఫోన్‌ను చల్లార్చడం

పౌచ్ తీయండి, చార్జింగ్ తీయండి, ఆర్పండి. స్టీలు పళ్లెం బోర్లించి దాని మీద ఫోనును వీపు ఆనేలా పెట్టి ఫ్యాను వేయండి. స్టీలు వేడిని త్వరగా లాగుతుంది. పావుగంట ఇరవై నిమిషాల్లో చల్లబడుతుంది.

ఫ్రిజ్‌లో పెట్టొద్దు, ఐసు ముక్క ఆనించొద్దు, తడిగుడ్డ చుట్టొద్దు. కాలే ఫోను ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలిలోని తేమ నీటి చుక్కలై బోర్డు మీద కూర్చుంటుంది. చల్లని చెంబు మీద బయట నీళ్లు పట్టినట్టే. వానాకాలం ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. పరుపు మీద, దిండు కింద, బియ్యం సంచిలో పెట్టడం కూడా వేడిని లోపలే కప్పి ఉంచడం.

కరెంటు, చార్జర్

చార్జర్ మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులు అని ఉంటుంది. సాయంత్రం అందరూ మోటర్లు వేసే వేళ లో-వోల్టేజ్ వచ్చినా మంచి చార్జర్ తట్టుకుంటుంది. దారి పక్కన కొన్న పేరులేని పిన్ను తట్టుకోదు, అదీ కాలుతుంది, ఫోనునూ కాలుస్తుంది. చవక ఇన్వర్టర్ మీద చార్జర్ గీ మని శబ్దం చేస్తే తీసేయండి. సోలార్ పలక నుంచి నేరుగా ఫోనుకు ఇవ్వకుండా, ముందు పవర్ బ్యాంకు ఎక్కించి దానితో ఫోను ఎక్కించుకోవడం మేలు. మబ్బు వచ్చి పోయినప్పుడల్లా చార్జింగ్ తెగి అతికే తిప్పలు తప్పుతాయి. ఎండాకాలం పగలు ఫాస్ట్ చార్జింగ్‌ను సెట్టింగ్స్‌లో ఆపేసి రాత్రికి మళ్లీ పెట్టుకోండి.

ఉబ్బిన బ్యాటరీ

అనుమానం ఉంటే పౌచ్ తీసి, ఫోనును గాజు బల్ల మీద వెల్లకిలా పెట్టి మెల్లగా తిప్పండి. కెమెరా ఎత్తుగా ఉన్న ఫోనైతే స్క్రీను బల్లకు ఆనేలా పెట్టండి. బొంగరంలా తిరిగితే మధ్యలో ఉబ్బింది. చార్జింగ్ పెట్టొద్దు. వేలితో నొక్కి సరిచేయబోవద్దు, గుచ్చొద్దు. ఆర్పి, మంచానికి, గడ్డివాముకు దూరంగా సిమెంటు గచ్చు మీద పెట్టి, వీలైనంత తొందరగా షాపుకు తీసుకెళ్లండి. తీసిన బ్యాటరీని చెత్తకుప్పలో వేయొద్దు, కాల్చొద్దు. షాపువాళ్లకే ఇచ్చేయండి.

రీసెట్ ఆఖరిది

కొన్ని ఫోన్లలో రికవరీ మెనూలో వైప్ క్యాష్ పార్టిషన్ ఉంటుంది, దానితో మీ డేటా పోదు. దాని పక్కనే వైప్ డేటా ఉంటుంది, దానితో అన్నీ పోతాయి. చాలా కొత్త ఫోన్లలో మొదటిది ఉండదు, రెండోది మాత్రమే ఉంటుంది. అక్కడ క్యాష్ కోసం వెతుకుతూ వేలు జారితే పిల్లల ఫొటోలన్నీ పోయినట్టే.

ఫ్యాక్టరీ రీసెట్ చేయక తప్పకపోతే ముందు మూడు చూసుకోండి. ఫోనులో ఉన్న గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ నోటికి రావాలి, లేకపోతే రీసెట్ తర్వాత ఫోను మీకే తలుపు తీయదు. వాట్సాప్ బ్యాకప్ తేదీ ఈరోజుది అయి ఉండాలి. బ్యాంకుకు ఇచ్చిన సిమ్ ఫోనులోనే ఉండాలి, అందులో ఎస్సెమ్మెస్ పంపేంత బ్యాలెన్స్ ఉండాలి, యూపీఐ మళ్లీ నమోదు కావాలి కదా. రీసెట్ అయ్యాక ఒక రోజు పాత యాప్‌లేవీ వేయకుండా వాడండి. అప్పుడూ ఖాళీ ఫోను కాలితే, ఆరితే, ఇక మీరు వేసుకున్న యాప్‌ల గొడవ కాదు.

పాత వెర్షన్‌కు వెనక్కి తీసుకెళ్తాం అనేవాళ్లతో జాగ్రత్త. చాలా ఫోన్లు వెనక్కి పోనివ్వకుండా తాళం వేసి ఉంటాయి. బలవంతంగా వేస్తే లోగో దగ్గరే ఆగిపోతాయి. బూట్‌లోడర్ (ఫోను వెలగగానే సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్) తాళం తీస్తే కొన్ని బ్యాంకు యాప్‌లు నడవవు, వారంటీ దగ్గరా పేచీ వస్తుంది.

షాపులో ఏం అడగాలి

బోర్డు అనుమానం ఉంటే డీసీ సప్లైకి (బ్యాటరీ బదులు కరెంటు ఇచ్చి, ఎంత లాగుతోందో మీటరులో చూపించే పెట్టె) పెట్టి చూపించమనండి. బ్యాటరీ తీసేసి సప్లై తగిలించాక, పవర్ బటన్ నొక్కకముందు మీటరు సున్నా దగ్గర ఉండాలి. నొక్కకుండానే కరెంటు లాగితే బోర్డులో లీకేజ్. ఊరికే ఉన్న ఫోను కాలడానికి అదీ ఒక కారణం. ఈ పరీక్ష చేయకుండానే సీపీయూ రీబాల్ (ప్రాసెసర్‌ను పీకి మళ్లీ అతికించడం) చేయాలనేవాళ్ల దగ్గర ఫోను వదలొద్దు. బ్యాటరీ మారిస్తే పాతదాని మీది మోడల్ నంబరు, కొత్తదాని మీదిది అక్షరం అక్షరం సరిచూసుకోండి. డబ్బా మీద ఎక్కువ ఎంఏహెచ్ (బ్యాటరీలో పట్టే చార్జి లెక్క) రాసి ఉన్నంత మాత్రాన మంచిది కాదు. అదే సైజులో దానికన్నా చాలా ఎక్కువ పట్టదు.

వారంటీలో ఉన్న ఫోనును లోకల్‌గా విప్పించొద్దు. సిరొంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలి 200 కిలోమీటర్లకు పైమాటే, చాలామందికి మంచిర్యాలే దగ్గర. దేశంలో కొన్న ఫోనును మన దేశంలో ఏ అధీకృత సర్వీస్ సెంటర్‌లోనైనా చూపించవచ్చు, బిల్లు ఏ రాష్ట్రంలోదైనా సరే. బయల్దేరేముందు *#06# కొట్టి ఐఎంఈఐ నంబరు (ఫోను గుర్తింపు నంబరు) రాసుకోండి, ఆరిన వేళలు రాసిన కాగితం వెంట పెట్టుకోండి, వీలైతే ఆరిపోతున్నప్పుడు ఇంకో ఫోనుతో వీడియో తీయండి. కౌంటర్ దగ్గర పెట్టగానే ఫోను బుద్ధిమంతుడైపోవడం మామూలే.

చంద్రపూర్‌లో చూపిస్తుంటే, మరాఠీ అంతగా రాకపోతే ఈ ఒక్క ముక్క చాలు: ‘అప్‌డేట్ నంతర్ ఫోన్ గరమ్ హోతో, ఆపోఆప్ బంద్ హోతో.’ జాబ్ కార్డు, అంటే ఫోను రిపేరుకు తీసుకున్నట్టు వాళ్లిచ్చే రసీదు, తీసుకోకుండా ఫోను చేతికివ్వొద్దు. అందులో ‘వేడి’ అని మాత్రమే రాస్తే, ‘అప్‌డేట్ తర్వాత ఇన్ని శాతం దగ్గర ఆరిపోతోంది’ అని కూడా రాయించండి. రాసింది మాత్రమే వాళ్లు పరీక్షిస్తారు. వారంటీలో ఉన్నా బాగుచేయం అని మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, జాబ్ కార్డు నంబరు దగ్గర పెట్టుకుని.